ఫారిన్ ట్రిప్‌లో రైలు టికెట్ ఎప్పుడు కొనాలి? పటాన్‌చెరు నుంచి ఒక లెక్క

ఫోన్ల విషయంలో మనందరికీ ఒక సూత్రం ఒంటబట్టింది: ఆగితే ధర తగ్గుతుంది. లాంచ్ రోజు ఎగబడి కొనకుండా దసరా సేల్ దాకా ఆగామా, బ్యాంక్ ఆఫర్‌తో కలిపి ఎంతో కొంత మిగులుతుంది. రైలు టికెట్ దగ్గర ఐఆర్‌సీటీసీ నేర్పిన సూత్రం ఇంకొకటి: బుకింగ్ ఓపెన్ అయిన నిమిషంలోనే కొట్టేయాలి, లేకపోతే వెయిటింగ్ లిస్టే. రెండూ ఇక్కడ బాగానే పనిచేస్తాయి. బయటి దేశంలో రైలెక్కాల్సి వచ్చినప్పుడు మాత్రం మొదటిది నమ్ముకుంటే డబ్బు ఎక్కువ పోతుంది. రెండోదాన్ని గుడ్డిగా నమ్మినా ఒక్కోసారి టికెట్ మొత్తం వేస్ట్ అవుతుంది.

గాడ్జెట్ సైట్‌లో రైలు టికెట్ల గోల ఏంటని అనుకోకండి. మా ఏరియాలో ఫోన్ రివ్యూల తర్వాత నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. విచిత్రం ఏంటంటే, సంగారెడ్డి పట్టణానికి రైల్వే స్టేషనే లేదు. పటాన్‌చెరు వాళ్ళం ఎక్స్‌ప్రెస్ పట్టుకోవాలంటే లింగంపల్లి పోవాల్సిందే. అయినా పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ వైపు పనిచేసే కుర్రాళ్ళ ఫోన్లలో జర్మన్ రైల్వే యాప్ కనిపిస్తుంది. ఫార్మా యూనిట్‌కి ట్యాబ్లెట్ ప్రెస్సో, ప్యాకింగ్ లైనో జర్మనీ నుంచో ఇటలీ నుంచో వస్తుంటే, అది ఓడెక్కక ముందు మన ఇంజనీర్లు అక్కడికి వెళ్ళి మెషిన్ నడిపించి చూసి సంతకం పెట్టాలి. దాన్నే ఎఫ్ఏటీ అంటారు, ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్ట్. ఇంకోపక్క కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. దాని క్యాంపస్ కట్టడంలో జపాన్ సాయం ఉంది కాబట్టి అక్కడి స్టూడెంట్లకి జపాన్‌తో రాకపోకలు మామూలే.

ఎఫ్ఏటీకి వెళ్ళేవాళ్ళ ఫ్లైట్, హోటల్ కంపెనీ చూసుకుంటుంది. మధ్యలో వచ్చే శనాదివారాలు మాత్రం మన సొంత ఖర్చు. "అన్నా, బెర్లిన్ టికెట్ ఇప్పుడే కొట్టేయాల్నా, వీసా వచ్చినాక కొనాల్నా?" అని మా ఫ్లోర్‌లో ఉండే తమ్ముడు అడిగాడు. అతనికి చెప్పిందే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నా.

మనకి సీటు భయం, వాళ్ళకి ధర భయం

ఐఆర్‌సీటీసీలో అడ్వాన్స్ బుకింగ్ 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది, 2024 నవంబర్ 1 నుంచి. అరవయ్యో రోజు కొన్నా, ఇరవయ్యో రోజు కొన్నా మామూలు ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ ఛార్జీ ఒకటే. మారేది సీటు దొరుకుతుందా లేదా అన్నదే. అందుకే మన తొందరంతా సీటు కోసం, డబ్బు కోసం కాదు.

మన దగ్గర కూడా ఒక మినహాయింపు ఉంది. రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళలో 2016 సెప్టెంబర్ 9 నుంచి ఫ్లెక్సీ ఫేర్ పెట్టారు. ప్రతి 10 శాతం బెర్తులు అమ్ముడయ్యే కొద్దీ బేస్ ఫేర్ 10 శాతం చొప్పున పెరుగుతుంది, 1.4 రెట్ల దగ్గర ఆగుతుంది. ఈ ఒక్కటి అర్థమైతే యూరప్ హైస్పీడ్ రైళ్ళు సగం అర్థమైనట్టే. అక్కడా ఇదే పద్ధతి, కాకపోతే 1.4 రెట్ల దగ్గర ఆగదు. ఒకే రైలు, ఒకే క్లాసు, పక్క పక్క సీట్లు, అయినా ఒకతను ఇచ్చినదానికి మూడు నాలుగు రెట్లు ఇంకొకతను ఇచ్చి ఉండొచ్చు.

దీనికి కారణం కోటా. చౌక ధరకి కొన్ని టికెట్లు, ఆ పైన ధరకి ఇంకొన్ని, ఇలా మెట్లు మెట్లుగా పెడతారు. కింది మెట్టు ఖాళీ అయితే పైమెట్టు ధర కనిపిస్తుంది. కాబట్టి ఇన్‌కాగ్నిటోలో వెతకడం, మంగళవారం అర్ధరాత్రి కొనడం, వీపీఎన్ పెట్టుకోవడం లాంటి చిట్కాల మీద టైం పెట్టకండి. మీ బ్రౌజర్ కుకీలు క్లియర్ చేసినంత మాత్రాన అమ్ముడైపోయిన చౌక టికెట్ వెనక్కి రాదు. నిజంగా పనికొచ్చే చిట్కా వేరే ఉంది. నలుగురి కోసం ఒకేసారి వెతికితే, కింది మెట్టులో రెండే మిగిలి ఉన్నప్పుడు చాలా సిస్టమ్స్ నలుగురికీ పైమెట్టు ధరే చూపిస్తాయి. అందుకే ఒకసారి ఒక్కరికి వెతికి చూడండి. తేడా ఉంటే ఇద్దరిద్దరుగా కొనేయండి.

ముందు తెలుసుకోవాల్సింది: ఆ రైలు ధర అసలు కదులుతుందా?

జర్మనీలో ఐసీఈ, ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా, ఇతాలో, లండన్ పారిస్ మధ్య యూరోస్టార్... వీటన్నిటికీ ధర కదులుతుంది. వీటికి ముందే కొనడంలో లాభం ఉంది. ఇంగ్లండ్‌లో అడ్వాన్స్ అనే రకం టికెట్లు మామూలుగా 12 వారాల ముందు నుంచి వస్తాయి. మాస్టర్స్‌కి వెళ్ళిన మనవాళ్ళు ఉంటే 16-25 రైల్‌కార్డ్ తీసుకోమనండి, చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది.

అదే దేశాల్లో లోకల్, రీజనల్ రైళ్ళకి ధర మామూలుగా కదలదు. జర్మనీలో రీజనల్ రైలు సింగిల్ టికెట్ నెల ముందు కొన్నా, ప్లాట్‌ఫాం మీద మెషిన్‌లో కొన్నా దాదాపు ఒకటే. వాటిని ఇంట్లో కూర్చుని ముందే కొనిపెట్టుకోవాల్సిన పనే లేదు. రెండు మూడు వారాలకి మించి ఉంటున్నారంటే డాయిచ్‌లాండ్ టికెట్ కూడా లెక్కలోకి తీసుకోండి. 2023 మేలో నెలకి 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. దేశమంతా లోకల్ బస్సులు, మెట్రోలు, రీజనల్ రైళ్ళు ఎక్కొచ్చు, ఐసీఈ మాత్రం ఎక్కకూడదు. ఇది సబ్‌స్క్రిప్షన్ అన్న సంగతి మర్చిపోకండి. ఆ నెల 10వ తేదీలోపు క్యాన్సిల్ కొట్టకపోతే వచ్చే నెలకీ డబ్బు కట్ అవుతుంది. ఓటీటీ ఫ్రీ ట్రయల్ లాంటిదే, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని మరీ కొనండి.

అంటే అసలు ప్రశ్న ఐసీఈ లాంటి వాటికే.

జర్మనీ లెక్క, అంకెలతో

జర్మన్ రైల్వే డాయిచె బాన్ యాప్ పేరు డీబీ నావిగేటర్. ఒక ఐసీఈకి వెతికితే ముఖ్యంగా మూడు రకాల టికెట్లు కనిపిస్తాయి. సూపర్ స్పార్‌ప్రైస్ అన్నిటికంటే చౌక, క్యాన్సిల్ చేసుకోలేం. స్పార్‌ప్రైస్ కొంచెం ఎక్కువ, ప్రయాణం రోజుకి ముందు అయితే 10 యూరోలు కోసుకుని మిగతాది ఇస్తారు. ఆ మిగతాది కార్డుకి వస్తుందా, వోచర్‌గా వస్తుందా అన్నది పే చేసేముందు షరతుల్లో చదువుకోండి. ఫ్లెక్స్‌ప్రైస్ ఖరీదైనది, ఆ రోజు ఆ రూట్లో ఏ రైలైనా ఎక్కొచ్చు. 27 ఏళ్ళు నిండని వాళ్ళకి సూపర్ స్పార్‌ప్రైస్‌లో యంగ్ అని ఇంకా తక్కువ ధర ఉంటుంది. మనవాళ్ళు చాలామంది వయసు దగ్గర డిఫాల్ట్‌గా ఉన్నది అలాగే వదిలేసి దీన్ని పోగొట్టుకుంటారు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. స్టుట్‌గార్ట్ దగ్గర ఎఫ్ఏటీ, రెండో వారాంతం బెర్లిన్ వెళ్ళి రావాలని ప్లాన్. వీసా ఇంకా రాలేదు. షెంగెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా పట్టొచ్చు. వీసా కంటే పెద్ద డౌట్ మెషినే. ఎఫ్ఏటీ తేదీ అంటే రాతిమీద గీత కాదు. ఒక సెన్సర్ రాలేదనో, సాఫ్ట్‌వేర్ రెడీ కాలేదనో రెండు వారాలు జరుగుతుంది. ఈ బెల్ట్‌లో ప్రాజెక్ట్స్‌లో పనిచేసే ఎవరినైనా అడగండి, నవ్వుతారు.

అతని కోసం వేసిన లెక్క ఇది. అంకెలు ఉదాహరణకి తీసుకున్నవి, మీ రూట్‌వి మీరు వేసుకోవాలి. ఒకవైపు టికెట్ ఈరోజు సూపర్ స్పార్‌ప్రైస్ 30 యూరోలు, స్పార్‌ప్రైస్ 36 అనుకుందాం. వీసా, తేదీ రెండూ ఖాయమయ్యాక కొంటే 60 అవుతుందనుకుందాం. ట్రిప్ తప్పిపోయే అవకాశం సగానికి సగం, అంటే 50 శాతం అనుకుంటే ఏమవుతుంది?

సూపర్ స్పార్‌ప్రైస్ ఇప్పుడే కొంటే వెళ్ళినా వెళ్ళకపోయినా 30 పోతాయి. ఆగి కొంటే వెళ్ళినప్పుడే 60 పెడతాం, వెళ్ళకపోతే సున్నా, సగటున అదీ 30. స్పార్‌ప్రైస్ కొంటే వెళ్ళినప్పుడు 36, వెళ్ళకపోతే 10, సగటున 23. అంటే బాగా అనుమానంగా ఉన్నప్పుడు మధ్య రకం టికెట్టే నయం.

తప్పిపోయే అవకాశం 20 శాతమే అయితే సీన్ మారుతుంది. సూపర్ 30, స్పార్ సగటున 30.8, ఆగితే 48. ఇక్కడ సూపర్, స్పార్ దాదాపు సమానం, ఆగడం మాత్రం శుద్ధ దండగ. 80 శాతం తప్పిపోయేలా ఉంటే ఆగితే 12, స్పార్ 15.2, సూపర్ 30. ఇక్కడ ఆగడమే కరెక్ట్. ఈ అంకెలతో గీత గీస్తే, తప్పిపోయే అవకాశం సుమారు 23 శాతం లోపు ఉంటే సూపర్, 23 నుంచి 70 మధ్య స్పార్, 70 దాటితే ఆగాలి.

నాకు ఇందులో నచ్చిన సంగతి ఏంటంటే, ఆ మధ్య భాగం అంత వెడల్పుగా ఉండటం. "వీసా వచ్చేదాకా ఒక్క రూపాయి పెట్టొద్దు" అని ఆఫీసులో పెద్దవాళ్ళు చెప్తారు. అది ఫ్లైట్‌కి, హోటల్‌కి మంచి మాటే. 10 యూరోలతో వెనక్కి తీసుకోగలిగే రైలు టికెట్‌కి మాత్రం అంత భయం అక్కర్లేదు. అలాగని సూపర్ స్పార్‌ప్రైస్ పేరు చూసి రిటర్న్‌తో సహా నాలుగైదు టికెట్లు ముందే కొనేసుకోవడం కూడా తెలివి కాదు. తేదీ జరిగితే అన్నీ ఒకేసారి పోతాయి.

"తర్వాత 60 అవుతుందని ఎట్ల తెలుస్తది అన్నా?" అన్నాడు. మంచి ప్రశ్న. దీనికి మూడు వారాలు రోజూ ధర రాసుకుంటూ కూర్చోనక్కర్లేదు, పది నిమిషాల్లో తేలిపోతుంది. మీకు కావాల్సిన రైలునే, అంటే అదే టైం, అదే రూట్, వచ్చే శనివారానికి వెతకండి. తర్వాత రెండు వారాల తర్వాతి శనివారానికి, నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల తర్వాతి శనివారాలకి వెతకండి. ఐదు ధరలు గూగుల్ షీట్స్‌లో వేస్తే రోజులు దగ్గరపడే కొద్దీ ఆ రైలు ధర ఎలా పాకుతుందో గ్రాఫ్ వచ్చేస్తుంది. క్రిస్మస్, ఈస్టర్, మ్యూనిక్ వైపైతే అక్టోబర్‌ఫెస్ట్ పడే వారాలు వదిలేయండి, అవి గ్రాఫ్‌ని పాడుచేస్తాయి. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం రైళ్ళు ఖరీదెక్కువ. శనివారం పొద్దున్నే బయల్దేరడం జేబుకి మంచిది.

ఇంకో తేడా. జర్మనీలో వెయిటింగ్ లిస్ట్ లేదు. ఐసీఈ టికెట్ కొన్నారంటే రైలెక్కొచ్చు. సీటు రిజర్వేషన్ అన్నది వేరే, కొద్ది డబ్బుతో విడిగా తీసుకోవాలి. అది లేకపోతే ఖాళీ సీటు వెతుక్కోవాలి, లేదంటే నిలబడాలి. నాలుగు గంటలు దాటే ప్రయాణమైతే తీసుకోమనే చెప్తా.

ఎయిర్‌పోర్ట్ నుంచి మొదటి రైలు: ఇక్కడ చౌక చూడొద్దు

పై లెక్కంతా వారాంతం ట్రిప్‌లకి. ఫ్లైట్ దిగిన వెంటనే ఎక్కే రైలుకి దాన్ని వాడకండి.

2024 జనవరి నుంచి లుఫ్తాన్సా హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా నడుపుతోంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌ని ఆనుకునే ఐసీఈ స్టేషన్ ఉంది. చూడటానికి చాలా ఈజీ, దిగడం, ఎక్కడం. సమస్య ఏంటంటే స్పార్‌ప్రైస్, సూపర్ స్పార్‌ప్రైస్ రెండూ ఒక్క రైలుకే కట్టేసిన టికెట్లు. జర్మన్‌లో త్సూగ్‌బిండుంగ్ అంటారు. ఆ రైలు మిస్ అయితే ఆ టికెట్‌తో తర్వాతి ఐసీఈ ఎక్కలేరు. ఫ్లైట్ గంట లేటయినా, ఇమిగ్రేషన్ క్యూ పాములా ఉన్నా, బ్యాగ్ బెల్ట్ మీద రాకపోయినా రైల్వేకి సంబంధం లేదు.

రైలే లేటయితే మాత్రం రూల్ మీ వైపు ఉంటుంది. గమ్యానికి 20 నిమిషాలు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యంగా చేరేలా ఉంటే ఆ కట్టు తెగిపోతుంది, వేరే రైలెక్కొచ్చు. 60 నిమిషాల ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలకి 50 శాతం పరిహారం అడగొచ్చు. ఇది జోక్‌గా తీసుకోకండి. 2024లో జర్మన్ దూరప్రయాణ రైళ్ళలో టైంకి వచ్చినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని టైం కిందే లెక్కేస్తే. "జర్మన్ పంక్చువాలిటీ" అని మనం ఊరికే అంటుంటాం గానీ, మధ్యలో రైలు మారే ప్రయాణానికి పది నిమిషాల గ్యాప్ పెట్టుకోకండి, అరగంటైనా పెట్టండి.

కాబట్టి మొదటి ప్రయాణానికి నా సలహా: ఫ్లైట్ టికెట్ కొనేటప్పుడే రైల్ అండ్ ఫ్లై లాంటి ఆప్షన్ ఉందేమో చూడండి. అది ఒక్క రైలుకి కట్టేసి ఉండదు. కంపెనీ ట్రావెల్ డెస్క్ వాళ్ళని మనమే అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పడం తక్కువ. లేదంటే ఫ్లెక్స్‌ప్రైస్. ఎయిర్‌పోర్ట్‌కి తిరుగు ప్రయాణంలో రిస్క్ రెండోవైపు ఉంటుంది, రైలు లేటయితే ఫ్లైట్ పోతుంది. అక్కడ చౌక టికెట్ కొనొచ్చు, కానీ ఫ్లైట్‌కి నాలుగైదు గంటల ముందు చేరే రైలుకి కొనండి.

జపాన్: తొందర లేదు, కొన్ని రోజుల్లో తప్ప

కంది నుంచి వెళ్ళే స్టూడెంట్స్ ఇది చదవండి. షింకన్‌సెన్ ధర యూరప్‌లా ఎగరదు. సీజన్‌ని బట్టి రిజర్వ్‌డ్ సీటుకి కొన్ని వందల యెన్లు అటూ ఇటూ, అంతే. టోక్యో నుంచి క్యోటోకి ఒకవైపు సుమారు 14 వేల యెన్లు, నెల ముందు కొన్నా, ఆ రోజే స్టేషన్‌లో కొన్నా. స్మార్ట్ ఈఎక్స్ యాప్‌లో హయతోకు అని ముందే కొనేవాళ్ళకి తగ్గింపు టికెట్లు ఉంటాయి. మామూలు టికెట్‌ని బయల్దేరే ముందు వేరే రైలుకి ఫ్రీగా మార్చుకోవచ్చు. తేదీ ఖాయం కాని వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

కొత్త సంవత్సరం, ఏప్రిల్ చివర మే మొదట్లో వచ్చే గోల్డెన్ వీక్, ఆగస్టులో ఓబోన్, ఈ మూడు సమయాల్లో మాత్రం మన సంక్రాంతి రద్దీయే. ఆ రోజుల్లో నొజొమి రైళ్ళన్నీ రిజర్వేషన్ సీట్లే, జనరల్ బోగీ ఉండదు. స్టేషన్ కౌంటర్లలో రిజర్వేషన్ నెల ముందు పొద్దున 10 గంటలకి ఓపెన్ అవుతుంది, అంటే మనకి 6:30. తత్కాల్‌కి అలారం పెట్టే అలవాటు ఇక్కడ పనికొస్తుంది.

జేఆర్ పాస్ సంగతి. పాత యూట్యూబ్ వీడియోలు ఇంకా "పాస్ కొంటే చాలు బ్రో" అంటుంటాయి. ఏడు రోజుల పాస్ 2023 అక్టోబర్‌లో 29,650 యెన్ల నుంచి 50,000 అయింది. టోక్యో, క్యోటో రానుపోను 28 వేల చిల్లర. వారంలో ఇంకో పెద్ద ప్రయాణం ఉంటే తప్ప పాస్ కిట్టుబాటు కాదు.

కొనే ముందు ఫోన్ సంగతి

ఇక మన సబ్జెక్ట్. డెబిట్, క్రెడిట్ కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆఫ్‌లో ఉండి ఉంటుంది. 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులు దేశంలో వాడకానికి మాత్రమే ఆన్ అయి వస్తున్నాయి, ఆర్‌బీఐ రూల్. బ్యాంక్ యాప్‌లో ముందు అది ఆన్ చేయండి, చిన్న లిమిట్ పెట్టండి, పని అయ్యాక ఆఫ్ చేయండి. పేమెంట్ పేజీలో "రూపాయల్లో చెల్లిస్తారా" అని అడిగితే వద్దనండి, యూరోల్లోనే కట్టండి. ఆ రూపాయి రేటులో వాళ్ళ మార్జిన్ కలిపి ఉంటుంది.

ఓటీపీ ఇంకో తలనొప్పి. అక్కడికి వెళ్ళాక లోకల్ సిమ్ వేసుకుని మన సిమ్ తీసేస్తే ఓటీపీ రాదు, టికెట్ కొనలేరు. అందుకే ధర కదిలే టికెట్లు ఇక్కడుండగానే కొనేయడానికి ఇదీ ఒక కారణం. ఈసిమ్ ఉన్న ఫోన్ అయితే అక్కడి డేటా ఈసిమ్‌లో వేసి, మన సిమ్‌ని రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ కోసం ఉంచుకోవచ్చు. బయల్దేరే ముందే రోమింగ్ యాక్టివేట్ అయిందో లేదో చూడండి.

జపాన్ వెళ్ళేవాళ్ళకి ఒక హార్డ్‌వేర్ ముచ్చట. లోకల్ రైళ్ళకి వాడే సుయికా కార్డుని ఐఫోన్ 8 నుంచి పైన ఐఫోన్ల వాలెట్‌లో పెట్టుకోవచ్చు, ఇక్కడ కొన్నదైనా సరే. మన దగ్గర కొన్న ఆండ్రాయిడ్‌లో మాత్రం మొబైల్ సుయికా నడవదు, ఎన్‌ఎఫ్‌సీ ఉన్నా నడవదు. అక్కడ వాడేది ఫెలికా ఆధారంగా నడిచే వేరే సిస్టమ్, అది జపాన్‌లో అమ్మిన ఆండ్రాయిడ్ ఫోన్లకే. 80 వేలు పెట్టి కొన్న ఫ్లాగ్‌షిప్ అయినా అంతే. ప్లాస్టిక్ కార్డు కొనుక్కోవాలి.

టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే కొట్టండి, ఇంటిపేరు విస్తరించకుండా ఒక్క అక్షరంతో వదిలేయొద్దు. జర్మనీలో చెకింగ్‌కి వచ్చినప్పుడు రైలు ఊళ్ళ మధ్యలో ఉంటుంది, సిగ్నల్ ఉండదు. టికెట్ యాప్‌లో డౌన్‌లోడ్ అయి ఉండాలి, పీడీఎఫ్ ఫోన్ మెమరీలో ఉండాలి. ఇంకో కాపీ పటాన్‌చెరులోనే జిరాక్స్ షాపులో ప్రింట్ తీసి పాస్‌పోర్ట్ కవర్‌లో పెట్టుకోండి, బ్యాటరీ అయిపోయిన రోజు పనికొస్తుంది.